నాన్న పానాలు, మలావీ బోరింగులు

మా నాన్న బోరింగు మెకానిక్. ఆమదాలవలస చుట్టుపక్కల ఏ ఊళ్ళో చేతిపంపు మొరాయించినా ఆయనకే కబురొచ్చేది. సైకిలు క్యారియర్‌కి ఎప్పుడూ ఒక గోనెసంచి కట్టి ఉండేది. అందులో పెద్ద పైపు పానాలు, కొన్ని చిన్న పానాలు, గ్రీజు డబ్బా, గుడ్డపీలికలు, కాగితంలో చుట్టిన తోలు వాషర్లు. వేసవి సెలవుల్లో నేను సైకిలు ముందు రాడ్డు మీద ఎక్కి ఆయనతో బయలుదేరేదాన్ని. "ఆడపిల్లని ఎండలో తిప్పుతున్నావేటిరా" అని మామ్మ కేకలేసేది. నాన్న వినిపించుకునేవాడు కాదు.

బోరింగు విప్పడం అప్పట్లో చిన్న పని కాదు. ముందు హ్యాండిలు విప్పాలి, దాన్ని లోపలి రాడ్డుకి కలిపే గొలుసు విప్పాలి. తర్వాత మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి, ఇనప పైపులను ఒక్కొక్కటిగా పైకి లాగాలి. ఒకళ్ళు లాగుతుంటే ఒకళ్ళు క్లాంపు బిగించాలి, ఇద్దరు చెరో పానా పట్టి మర విప్పాలి. పట్టు జారిందా, పైపులన్నీ బోరులోకి పోతాయి. ఇక ఆ బోరింగు మీద ఆశ వదులుకోవలసిందే. అందుకే పని మొదలయ్యాక నాన్న ఎవరినీ మాట్లాడనిచ్చేవాడు కాదు. చుట్టూ ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో నిలబడి చూస్తుండేవారు. అట్టడుగున ఉన్న సిలిండరు పైకొచ్చాక దాన్ని విప్పి, అరిగిపోయిన వాషరు తీసి నా అరచేతిలో పెట్టేవాడు. "సూడమ్మా, ఇంత తోలు అరిగితే ఊరు ఊరంతా ఏటికెల్లాల" అనేవాడు.

మళ్ళీ అన్నీ బిగించి హ్యాండిలు కొడితే మొదట తుప్పు నీళ్ళు వచ్చేవి. తర్వాత తేటపడేవి. ఆ ఊళ్ళో ఎవరో ఒకరు మాకు చోడి అంబలి, ఉల్లిపాయ పెట్టేవారు. డబ్బులు మాత్రం పంచాయతీ ఎప్పుడిస్తే అప్పుడే.

బోరింగు రాకముందు మా ఊరికి నాగావళే దిక్కు. అమ్మావాళ్ళు ఏటి ఇసకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళను ముంతతో తోడి బిందె నింపుకునేవారు. ఎండలు ముదిరేకొద్దీ చెలమ లోతయ్యేది. ఒక బిందె నిండడానికి ఎంతసేపైనా కూర్చోవలసి వచ్చేది. వరద రోజుల్లో బురద నీళ్ళు తెచ్చి చిల్లగింజ అరగదీసి కలిపేవారు. మట్టి అడుక్కి దిగిపోయి పైన తేట నీళ్ళు నిలిచేవి. ఆ తేట నీళ్ళు తాగే పిల్లలకు విరేచనాలు పట్టుకునేవి. చనిపోయిన పిల్లలు కూడా ఉన్నారు. మా అమ్మ ఆ మాట వచ్చినప్పుడల్లా మాట మార్చేస్తుంది, ఇప్పటికీ.

ఇంతకీ ఆ బోరింగు మా వీధిలోకి రావడానికి వెనుక పెద్ద చరిత్రే ఉందని నాకు చదువుకున్నాక తెలిసింది. 1966-67 బీహారు కరువు రోజుల్లో గట్టి రాతిని తొలిచే రిగ్గులను యునిసెఫ్ మన దేశానికి తెప్పించింది. నీళ్ళు పడ్డాయి. కానీ పైన బిగించిన పోత ఇనుము పంపులు నిలవలేదు. అవి ఒక కుటుంబం వాడుకోవడానికి తయారైన పంపులకు నకళ్ళు. వందలమంది చీకటితోనే వచ్చి రాత్రి దాకా కొడుతుంటే ఇట్టే విరిగిపోయేవి. మహారాష్ట్రలో షోలాపూర్ వైపు వాడుతున్న గట్టి పంపు ఒకదాన్ని నమూనాగా తీసుకుని, 1970లలో మన ప్రభుత్వం, యునిసెఫ్, మద్రాసులోని రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ ఇంజనీర్లు కలిసి ఇండియా మార్క్ టూ పంపును తయారుచేశారు. కోయంబత్తూరు దగ్గర లోతైన బోర్ల మీద పరీక్షించి చూశారు. దానికి పేటెంటు పెట్టలేదు. ఎవరైనా తయారుచేసుకోవచ్చు. అందుకే అది మన పల్లెలతో ఆగకుండా ఘనా, ఉగాండా లాంటి దేశాలకూ వెళ్ళింది. మా వీధి చివర చప్టా మీద నిలబడ్డ ఆ పంపును, నాన్న నల్లటి చేతులను తలుచుకున్నప్పుడు నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

శ్రీకాకుళంలో సివిల్ డిప్లొమా చేసి, మంచినీటి స్కీములు కట్టే ఒక కాంట్రాక్టరు దగ్గర సైట్ సూపర్‌వైజరుగా చేరాను. పైపులు, వాల్వులు, ట్యాంకులు, ఇదే నా లోకం. 2009లో ఒక స్వచ్ఛంద సంస్థ ఆఫ్రికా పల్లెల్లో మంచినీటి పనులకు వాలంటీర్లు కావాలని అడిగింది. జీతం ఉండదు, అక్కడ బతకడానికి సరిపడా భత్యం ఇస్తారు. అప్లై చేశాను. ఇంటర్వ్యూలో నా డిప్లొమా గురించి తక్కువ అడిగారు, నాన్నతో తిరిగి నేర్చుకున్న పని గురించి ఎక్కువ అడిగారు.

ఇంట్లో ఒకటే టెన్షన్. "పెళ్ళి మానీసి ఆఫ్రికాకేటి" అని అమ్మ చాలా రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నాన్న మాత్రం ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని ఒక్క మాట అడిగాడు. "బోరింగు ఏసినోడు ఎల్లిపోతాడమ్మా. రేపు వాషరు పోతే అక్కడ ఎవులు ఇప్పుతారు?" నా దగ్గర జవాబు లేదు. అక్కడున్నన్నాళ్ళూ నేను వెతికింది ఆ ప్రశ్నకే.

నేను వెళ్ళిన మలావీ చిన్న దేశం. సముద్రం లేదు కానీ సముద్రమంత సరస్సు ఉంది. నాకు పని పడింది దక్షిణాన ఫలోంబే అనే జిల్లాలో. ఒకవైపు ములాంజే కొండలు, 3,000 మీటర్ల శిఖరంతో నిటారుగా లేచి ఉంటాయి. మరోవైపు చదునైన మైదానం చిల్వా సరస్సు దాకా సాగుతుంది. దిగిన మొదటి వారంలోనే మొక్కజొన్న చేల మధ్య కంది మొక్కలు చూసి ఆగిపోయాను. మన కందే. అక్కడ బాగా పండిస్తారు, మన దేశానికి ఎగుమతి కూడా చేస్తారు. పల్లె ఆడవాళ్ళు పచ్చి కందికాయలు ఉడకబెట్టి చేతిలో పెడుతుంటే పరాయి దేశమన్న బెరుకు సగం పోయింది. మొక్కజొన్న పిండితో వండే ఎన్సిమా మన సంకటి పెట్టినట్టే ముద్దలు ముద్దలుగా పెడతారు. సైకిళ్ళు టాక్సీలుగా తిరుగుతాయి. వెనక క్యారియర్ మీద మెత్త వేసి మనుషుల్ని ఎక్కించుకుంటారు.

నీళ్ళ కష్టం మాత్రం నాకు తెలిసిన కష్టమే. సెప్టెంబరు, అక్టోబరు అక్కడ ఎండలు. వానలు నవంబరులో గాని పడవు. వాగులు ఎండిపోయి, ఆడవాళ్ళు ఇసకలో గుంటలు తవ్వుకుని కప్పులతో నీళ్ళు తోడుకోవడం చూశాను. అదే కూర్చోవడం, అదే ఓపిక. ఒక పిల్ల నా వంక చూసి నవ్వి తన వంతు నాకిచ్చింది. నేను తోడి ఆ పిల్ల బకెట్టులోనే పోశాను.

బోర్లు లేక కాదు. ఉన్నాయి. దాతలు వేసినవి, ప్రభుత్వం వేసినవి, చర్చిలు వేసినవి. వాటిలో చాలా పనిచేయడం లేదు. ఆఫ్రికాలో ఇరవై దేశాల లెక్కలు కూర్చి 2009లో ఒక అంతర్జాతీయ నెట్‌వర్కు చెప్పిన అంచనా ప్రకారం మూడో వంతుకు పైగా చేతిపంపులు ఏ రోజు చూసినా మూలన పడే ఉంటాయి. ఒక్కో పంపు ముందు రాయి మీద దాతల పేరు, తేదీ చెక్కి ఉంటుంది. పంపు గొంతు ఎండిపోయి ఉంటుంది. ఎందుకు పాడైందని అడిగితే ఎక్కువసార్లు వచ్చిన జవాబు ఏదో చిన్న రబ్బరు ముక్క అరిగిందనో, రాడ్డు ఊడిందనో.

ఒక బడి ఆవరణలో రంగులరాట్నం పంపు ఉండేది. పిల్లలు ఆడుకుంటూ తిప్పితే భూమిలోంచి నీళ్ళు పైనున్న ట్యాంకులోకి ఎక్కుతాయి, ట్యాంకు నాలుగు పక్కలా ప్రకటనలు అంటించి ఆ డబ్బుతో మరమ్మతులు చేస్తారు. ఇది ఆలోచన. దూర దేశాల్లో ఎందరో మంచి మనసుతో దానికి విరాళాలిచ్చారు. మామూలు చేతిపంపుకంటే దాని ఖర్చు ఎన్నో రెట్లు. కానీ పిల్లలు ఎంతసేపని ఆడతారు? పొద్దున్నే నీళ్ళు కావాల్సినప్పుడు పిల్లలు నిద్రలో ఉంటారు. వీపున బిడ్డను కట్టుకున్న తల్లి, నడుము వంగిన ముసలావిడ ఆ రాట్నాన్ని నెట్టుకుంటూ తిరగడం చూసి నా కడుపు తరుక్కుపోయింది. ఆ పల్లెకు ప్రకటన ఎవరిస్తారు? ఆ ట్యాంకు పక్కలు ఖాళీగానే ఉండేవి. దాన్ని పెట్టేముందు ఆ ముసలావిడను ఒక్క మాట అడిగి ఉంటే చాలు.

అక్కడ ఎక్కువగా ఉండేది ఆఫ్రిడేవ్ పంపు. 1981 నుంచి 1990 దాకా ఐక్యరాజ్యసమితి నీటి దశాబ్దం నడిచింది కదా, ఆ రోజుల్లో మలావీలో మొదలై కెన్యాలో మెరుగులు దిద్దుకున్న పంపు అది. ఊరివాళ్ళే విప్పుకుని ఊరివాళ్ళే బిగించుకోవాలన్నది దాన్ని తయారుచేసినవాళ్ళ పట్టుదల. ఇనప పైపుల బదులు లావుపాటి పీవీసీ పైపు. దాని లోపలినుంచే రాడ్లను, నీళ్ళను పైకి తోడే ప్లంజరును చేత్తో పైకి లాగేయొచ్చు. పైపు కదపక్కర్లేదు. మూడు కాళ్ళ స్టాండు అక్కర్లేదు. రాడ్లు కొక్కేలతో ఒకదానికొకటి తగిలించి ఉంటాయి. మామూలు పనికి ఒకే ఒక్క పానా చాలు. 45 మీటర్ల లోతు వరకు పనిచేస్తుంది. ఏడాదికోసారి లోపలి రబ్బరు సీలు మార్చితే నిశ్చింత. మొదటిసారి ఇద్దరు ఆడవాళ్ళు చేతులు మార్చుకుంటూ రాడ్లన్నీ పైకి లాగేసి నేలమీద పరిచినప్పుడు, నాన్న ఇక్కడ ఉంటే బాగుండునని ఎంత అనిపించిందో. ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పాను. ఆయన నమ్మలేదు. "స్టాండు లేకుండానా? పైపు జారిపోదేటి?" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు.

మరి అంత తేలికైన పంపు కూడా ఎందుకు మూలన పడుతోంది? నాన్న అడిగిన ప్రశ్న దగ్గరికే వచ్చాను.

ప్రతి పంపుకీ ఒక నీటి కమిటీ ఉంటుంది. కమిటీలో పని నేర్పిన మనుషులు సాధారణంగా కుర్రాళ్ళు. పానా పట్టడం మగవాళ్ళ పని అని అక్కడా ఒక నమ్మకం. శిక్షణ అయ్యాక ఆ కుర్రాళ్ళు బ్లాంటైర్ నగరానికో, దక్షిణాఫ్రికాకో పనులకు వెళ్ళిపోతారు. ఈ కథ నాకు కొత్త కాదు. నాన్న కూడా ఇద్దరు కుర్రాళ్ళకు పని నేర్పాడు. ఒకడు చెన్నైలో బిల్డింగు పనులకు పోయాడు, ఇంకొకడు గల్ఫ్ వెళ్ళాడు. మా జిల్లాలో వలస పోని ఇల్లేది? వాళ్ళను తప్పుపట్టను. పంపు బాగుచేస్తే వచ్చే డబ్బుతో ఇల్లు గడవదు.

ఫలోంబే వైపు పల్లెల్లో ఒక ఆచారం ఉంది. పెళ్ళయ్యాక ఆడపిల్ల అత్తారింటికి వెళ్ళదు. మొగుడే ఆమె ఊరొచ్చి ఉంటాడు. పొలం, ఇల్లు ఆడవాళ్ళ వరసలోనే వస్తాయి. అంటే ఊళ్ళో చివరిదాకా నిలిచేది ఆడవాళ్ళే. నీళ్ళు మోసేదీ వాళ్ళే. హ్యాండిలు బరువెక్కిందని, నీళ్ళు ఆలస్యంగా వస్తున్నాయని అందరికంటే ముందు చేతికి తెలిసేది కూడా వాళ్ళకే. పని వాళ్ళకే నేర్పాలి. నాతోపాటు ఉన్న వాలంటీర్లలో ఒక కెన్యా నర్సు, ఒక ఐరిష్ ఇంజనీరు ఉండేవారు. ముగ్గురం ఈ మాట మీద నిలబడ్డాం. కొన్ని ఊళ్ళ పెద్దలు ఒప్పుకోలేదు. కొన్ని ఊళ్ళలో ఆడవాళ్ళే వెనక్కి తగ్గారు. ఒక ఊళ్ళో మాత్రం కమిటీ అధ్యక్షురాలు లేచి నా చేతిలో పానా తీసుకుంది. నాకంటే పెద్దది. ఆవిడను నేను అప్ప అని పిలిచేదాన్ని. అలా పిలిస్తే పలికేది.

అప్ప చదువుకోలేదు. కానీ లెక్క గట్టిది. నెలనెలా డబ్బు అడిగితే ఎవరూ ఇవ్వలేరని ఆవిడకు తెలుసు. పంట చేతికొచ్చినప్పుడు ఇంటికింత మొక్కజొన్న తీసుకుని, ధర పెరిగాక అమ్మి, ఆ డబ్బు పంపు పేరున దాచేది. భర్తపోయిన ఒంటరి ముసలివాళ్ళ దగ్గర తీసుకునేది కాదు. దానికి బదులు చప్టా ఊడవడం వాళ్ళకు అప్పజెప్పింది. ఎవరింటికీ నీళ్ళు ఆపలేదు. పంపు నుంచి పారే నీటిని కాలువ తీసి కూర మడికి మళ్ళించింది. మన ఊళ్ళలో బోరింగు పక్క అరటి, కంద నాటుకుంటాం చూడండి, అలాగే.

మా పక్క జిల్లా, ఒడిశా గంజాంలో గ్రామ్ వికాస్ అనే సంస్థ ఇలాంటి నియమమే పెట్టింది. ఊళ్ళో ఒక్క కుటుంబం మిగిలిపోయినా పని మొదలుపెట్టరు. 1971లో తుపాను సాయానికి మద్రాసు నుంచి ఒడిశా వచ్చిన విద్యార్థి వాలంటీర్ల బృందంలోంచి పుట్టిన సంస్థ అది. కాంట్రాక్టరు దగ్గర పనిచేసే రోజుల్లో వాళ్ళ ఊళ్ళు కొన్ని చూశాను. కొండ ఊటను పైపుల్లో కిందికి దింపి, కరెంటు లేకుండా ఇంటింటికీ కుళాయి ఇచ్చారు. అప్పకు ఆ సంగతి చెబితే ఆవిడ ములాంజే కొండల వైపు చూపించింది. అక్కడా అలాంటి కొండ నీటి పైపులున్నాయట. తన తల్లి పడుచుగా ఉన్నప్పుడు ఊళ్ళన్నీ కలిసి ఆ కాలువలు తవ్వారట. ఆ తవ్వకాల్లో ఆడవాళ్ళే ముందున్నారని చెబుతుంటే ఆవిడ మొహం వెలిగిపోయింది.

పంపు పనిచేస్తే చాలనుకోవడం కూడా కుదరదు. నీళ్ళు ఎలాంటివో చూడాలి. చిల్వా సరస్సు నుంచి బయటకు పోయే ఏరు లేదు. అటువైపు చాలా బోర్లలో ఉప్పు నీళ్ళు. మా భావనపాడు తీరంలో తాగినట్టే ఉండేవి. బావుల్లో, వాగుల్లో తేటగా ఉన్న నీళ్ళను మేము చిన్న సీసాల్లో పట్టి పరీక్షించేవాళ్ళం. సీసాలో మందు రాసిన కాగితం ముక్క ఉంటుంది. వెచ్చని చోట ఉంచితే, మలం కలిసిన నీళ్ళయితే నల్లగా మారిపోతాయి. 1982లో మన దేశపు శాస్త్రవేత్తలే ఆ పద్ధతి కనిపెట్టారు. అక్కడ మునగ చెట్లు చాలా. మునగ గింజల పొడితో బురద నీళ్ళను తేటపరచడం కొందరికి తెలుసు. అలా తేటపరిచిన నీళ్ళు పట్టిన సీసా కూడా నల్లబడటం చూసి అప్ప చాలాసేపు మాట్లాడలేదు. తన కూతుళ్ళలో ఒకరు చిన్నతనంలోనే పోయిందని అప్పుడు చెప్పింది. నాకు అమ్మ గుర్తొచ్చింది. ఇద్దరం చెట్టు కింద అలాగే కూర్చుండిపోయాం.

తేట నీళ్ళంటే నాకు ఇంకో బాధ ఉంది. అమ్మ కన్నవారిది ఉద్దానం, కవిటి వైపు. కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య ఊరు. ఆ బావి నీళ్ళు చల్లగా తియ్యగా ఉండేవి. అక్కడి మా పెద్ద మావయ్య కిడ్నీ జబ్బుతో పోయాడు. ఆ వీధిలో ఇంకెందరో. నీళ్ళే కారణమా, ఎండలో పని వల్లా, ఇంకేదైనా కలిసిందా అన్నది ఇన్నేళ్ళ పరిశోధనల తర్వాత కూడా పూర్తిగా తేలలేదు. వంశధార మీది హిరమండలం రిజర్వాయరు నుంచి శుద్ధిచేసిన నీళ్ళు పైపుల్లో తెచ్చే 700 కోట్ల పథకం, పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. మావయ్యకు అందలేదు. మలావీలో ఎవరైనా "ఈ నీళ్ళు తాగొచ్చా" అని అడిగితే పరీక్ష చేయకుండా నేను తల ఊపకపోవడానికి కారణం మావయ్యే.

నేను తిరిగొచ్చేసరికి అప్ప దగ్గర పని నేర్చుకున్న ఆడవాళ్ళ గుంపు తయారైంది. వాళ్ళలో చిన్నది అప్ప మేనకోడలు. చురుకైన పిల్ల. రాడ్డు పట్టుకుని చెవి దగ్గర పెట్టి లోపల ఏది వదులైందో చెప్పేసేది. నాన్న కూడా అలాగే వినేవాడు. ఎవరూ నేర్పకుండా ఆ పిల్లకు ఎలా వచ్చిందో నాకు తెలియదు.

2022లో అక్కడ కలరా మొదలైంది. 2023 దాకా సాగి 1,700 మందికి పైగా చనిపోయారు. ఆ మార్చిలోనే ఫ్రెడ్డీ తుపాను విరుచుకుపడింది. ఫలోంబే పేరు వార్తల్లో చూసి నాకు నిద్ర పట్టలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఎలా నేలమట్టం చేసిందో కళ్ళారా చూసినదాన్ని. కూలిన కొబ్బరి చెట్ల మధ్య తాగడానికి గుక్కెడు నీళ్ళు లేక మావాళ్ళు పడ్డ అవస్థ మరచిపోలేదు. ఎన్ని మెసేజ్‌లు పెట్టినా జవాబు లేదు. చివరికి ఆ మేనకోడలు ఫోన్ చేసింది. అప్ప క్షేమం. ఇల్లు పోయింది. చప్టా మీదుగా వరద పారింది. లారీల్లో నీళ్ళు రాకముందే ఆడవాళ్ళంతా కలిసి పంపు విప్పారు. రాడ్లు కడిగి, బురద తీసి, బోరులో క్లోరిను పోసి, వాసన పోయేదాకా కొట్టి పారబోశారు. తర్వాతే ఊరివాళ్ళను తాగనిచ్చారు. దాచిన మొక్కజొన్న డబ్బుతో కొత్త సీళ్ళు కొన్నారు. ఆ డబ్బే లేకపోతే ఏమయ్యేదో అని తను అంటుంటే నేను ఏడ్చేశాను.

నాన్నకు ఇదంతా చెప్పాను. ఆయనిప్పుడు సైకిలు తొక్కలేడు. మా వీధిలో ఇంటింటికీ కుళాయిలొచ్చాయి. అంతా విని, "సీలు రేటెంతటమ్మా అక్కడ?" అని అడిగాడు. చెబితే, మన ధరతో పోల్చి చూసుకుని, ఊరివాళ్ళు భరించగలరులే అన్నాడు.

ఆ మేనకోడలు ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ళన్నింటికీ మెకానిక్. రుసుము తీసుకునే పనిచేస్తుంది, తీసుకోవాలి కూడా. ఈమధ్య ఒక బడిలో సోలార్ పంపు పెట్టారట, కంట్రోలరులో ఎర్ర లైటు వెలుగుతోంది ఏం చేయాలని ఫోటో పంపింది. నాకు సోలార్ అంతగా తెలియదు. సీతంపేట ఏజెన్సీ ఊళ్ళలో సోలార్ పంపులు బిగించే కుర్రాడొకడు మాకు వరసకు తమ్ముడవుతాడు. వాణ్ణి వీడియో కాల్‌లో కలిపాను. వాడికి ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆ అమ్మాయికీ అంతే. ఇద్దరూ వైర్లు చూపించుకుంటూ గంటసేపు మాట్లాడుకున్నారు. వచ్చే వారం మళ్ళీ కాల్ పెట్టుకున్నారు.